అల్లుడికి: ప్రాసెసర్‌కు ఎంత వోల్టేజీ ఇవ్వాలంటే

అల్లుడా,

నీ మెసేజ్ చూశాను. నీ ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5600కు 1.4 వోల్టులు ఫిక్స్ చేసి, ఆరు కోర్లనూ 4.6 గిగాహెర్ట్జ్‌కు లాగుతానంటున్నావు. వద్దు. ఎందుకో చెప్తాను, తీరిగ్గా చదువు.

ఏమీ మార్చకముందే రీడింగులు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో 1.4 కనిపించింది కదా, అదే పెడితే తప్పేంటని అడిగావు. నీకు కనిపించింది నిజమే. ఒకటి రెండు కోర్లకు చిన్న పని పడ్డప్పుడు చిప్ తనంతట తాను కాసేపు అంత వోల్టేజీ తీసుకుంటుంది. అప్పుడు పారే కరెంటు తక్కువ. అన్ని కోర్లకూ పని పడగానే అదే చిప్ వోల్టేజీని దించుకుంటుంది. నువ్వు బయోస్‌లో, అంటే బోర్డు సెట్టింగుల మెనూలో, ఫిక్స్ చేశావంటే దానికి దించుకునే వీలుండదు, నిండు కరెంటు పారుతున్నా 1.4 దగ్గరే నిలబడాలి. అసలు ప్రమాదం అక్కడుంది. ప్రాణహిత వరద ఒడ్డును కోసుకుపోయినట్టు, చిప్ లోపలి సన్నటి లోహపు దారుల్లో ఎలక్ట్రాన్లు లోహపు అణువులను కొద్దికొద్దిగా తోసుకుపోతాయి. ఎలక్ట్రోమైగ్రేషన్ అంటే ఇదే. కరెంటు, వేడి పెరిగేకొద్దీ ఇది చాలా జోరందుకుంటుంది. పొగ రాదు, వాసన రాదు. నిన్నటిదాకా 1.25తో నడిచిన స్పీడుకు కొన్నాళ్లకు 1.3 కావాలంటుంది. ఆ అరిగిన చిప్‌ను మళ్లీ బాగుచేయలేం.

వేడి లెక్క కూడా చూడు. స్పీడు మార్చకుండా 1.2 నుంచి 1.4కు పెంచితేనే వేడి మూడో వంతుకు పైగా పెరుగుతుంది, ఎందుకంటే అది వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఇంటర్నెట్‌లో అంకెలు చెప్పేవాళ్లు ఏసీ గదుల్లో కూర్చుని చెప్తారు. మన చంద్రపూర్, సిరొంచ వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది. గది ఎంత కాగితే చిప్ అంత కాగుతుంది. 5600కు కంపెనీ పెట్టిన హద్దు 90 డిగ్రీలు, నీ దగ్గరున్నదేమో డబ్బాతో వచ్చిన చిన్న కూలర్. అన్ని కోర్లకూ ఫిక్స్‌డ్ వోల్టేజీ పెట్టేవాళ్లకు 1.3 దాటొద్దని చెప్తాను. మన ఎండల్లో నీకు 1.25 చాలు. నిజానికి ఫిక్స్ చేయకుండా బయోస్‌లోని పీబీవో అనే ఏఎండీ బూస్ట్ సెట్టింగ్‌లో, ఒక్కో స్పీడుకు చిప్ తీసుకునే వోల్టేజీని తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌ను మైనస్ పదితో మొదలుపెట్టడమే మేలు. తక్కువ వోల్టేజీతో అదే స్పీడు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే వస్తుంది.

లోడ్ పడ్డప్పుడు వోల్టేజీ దిగకుండా ఆపే లోడ్ లైన్ కాలిబ్రేషన్‌ను చివరి మెట్టుకు పెంచకు. లోడ్ పడినప్పుడు వోల్టేజీ కాస్త దిగడం కావాలని చేసిన ఏర్పాటే. దాన్ని పూర్తిగా ఆపేస్తే, లోడ్ తీసిన క్షణంలో వోల్టేజీ పైకి ఎగురుతుంది. అది సాఫ్ట్‌వేర్‌లో కనపడదు.

అన్నీ ఆటో సెట్టింగ్‌లో ఉంటే భయం లేదనీ అనుకోకు. 2023లో రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్‌లు కొన్ని కాలిపోయాయి. మెమరీని వేగంగా నడిపే ఎక్స్‌పో సెట్టింగ్ ఆన్ చేయగానే మదర్‌బోర్డులు ఎస్ఓసీ వోల్టేజీని, అంటే ప్రాసెసర్‌లో మెమరీని నడిపే భాగానికిచ్చే వోల్టేజీని, పెంచేసేవి. ఏఎండీ దాన్ని 1.3కు కట్టడి చేయాల్సి వచ్చింది. 2024లో ఇంటెల్ 13, 14వ తరం చిప్‌లదీ వోల్టేజీ గొడవే. చిప్ 1.55కు మించి అడగకుండా ఆగస్టులో మైక్రోకోడ్, అంటే చిప్ లోపలి ప్రోగ్రామ్‌కు అప్‌డేట్, ఇచ్చారు, వారంటీ రెండేళ్లు పొడిగించారు. అందుకే ఏది ఆన్ చేసినా వెంటనే ఎస్ఓసీ ఎంతుందో చూడు. నీ 5600కు 1.1 దగ్గరుంటే మంచిది, 1.2 దాటనివ్వకు.

ఇక మెమరీ. డీడీఆర్4 అసలు వోల్టేజీ 1.2, మెమరీని దాని పై స్పీడుకు నడిపే ఎక్స్ఎంపీ సెట్టింగ్‌లో మామూలుగా 1.35. నీకు 3600 స్పీడు వరకు అదే సరిపోవాలి. 1.45 అవీ గాలి బాగా తగిలే మంచి మెమరీ స్టిక్‌ల మాట, నీకు అక్కర్లేదు. రేపు డీడీఆర్5 కొంటే లెక్క మారుతుంది, దాని మొదలే 1.1.

మెమరీ విషయంలో నాకు ఎక్కువ భయం వేరే ఉంది. ప్రాసెసర్ నిలవకపోతే మిషన్ హ్యాంగవుతుంది, నీకు తెలిసిపోతుంది. మెమరీ తప్పు చేస్తే చప్పుడు లేకుండా ఫైళ్లు పాడవుతాయి. ఆ మిషన్ మీదే పగలంతా అక్క జనాల సాత్‌బారాలు (భూమి రికార్డులు), కుల దాఖలాలు చేస్తోంది. కాబట్టి ముందు అక్క ఫైళ్లన్నీ బయట డిస్కులోకి కాపీ చెయ్యి. మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ నుంచి రాత్రంతా నడుపు. ఒక్క ఎర్రర్ వచ్చినా వెనక్కి రా, ఒక్కటే కదా అని వదిలేయకు. చలికాలంలో పాసైన సెట్టింగ్ ఎండాకాలంలో ఫెయిలవుతుంది కనుక మేలో, మధ్యాహ్నం పూట మళ్లీ నడుపు. ప్రాసెసర్‌కు ఓసీసీటీ అనే లోడ్ టెస్ట్ పెట్టి, విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వీయా (హార్డ్‌వేర్) ఎర్రర్లు ఉన్నాయేమో చూడు.

గదిలో నీళ్ల కూలర్ గాలి నేరుగా క్యాబినెట్ మీదికి తిప్పకు, తేమకు దుమ్ము పట్టి హీట్‌సింక్ మూసుకుపోతుంది. మా బల్లార్షాలో అయితే దానికి బొగ్గు దుమ్ము కూడా తోడు.

ముందు ఏమీ మార్చకుండా అరగంట లోడ్ పెట్టి వోల్టేజీ, టెంపరేచర్, ఎస్ఓసీ రీడింగులు ఫోటో తీసి పంపు. గది వేడి ఎంతో కూడా రాయి. అవి చూశాక ఎంత దించాలో చెప్తాను.

మీ మామ