మూడేళ్ల మనవడు అమ్మమ్మ కాల్ రాగానే పారిపోతుంటే

బాబుకు 3 ఏళ్లు, అమ్మమ్మ దూరంగా ఉంటారు, వీడియో కాల్‌లో ఆవిడ కనబడగానే పారిపోతున్నాడు, వచ్చే నెల ఆవిడ మీ ఇంటికి వస్తున్నారు, ఈలోగా ఇద్దరినీ ఎలా చేరువ చేయాలి అని అడిగారు కదా.

వాడికి ఆవిడంటే ఇష్టం లేదని అనుకోకండి. చాలా ఇళ్లలో పిల్లల్ని తరిమేసేది కాల్ నడిచే తీరే. "నేనెవరో చెప్పు?", "ఏం చేస్తున్నావు?", "నా దగ్గరికి వచ్చేస్తావా?" ఇవన్నీ ఆ వయసుకు పరీక్ష ప్రశ్నలే. మూడేళ్ల పిల్లలు కబుర్లతో దగ్గరవ్వరు, కలిసి ఏదైనా చేస్తే దగ్గరవుతారు. అందుకే కాల్‌లో మాటలు తగ్గించి పని పెట్టండి.

ఒకే బొమ్మల పుస్తకం రెండు ప్రతులు తీసుకుని ఒకటి అమ్మమ్మకు పంపండి. ఆవిడ చదువుతారు, పేజీ తిప్పడం వాడి పని. వాడు తిప్పేదాకా ఆవిడ ముందుకు వెళ్లకూడదు. మధ్యమధ్యలో కావాలనే తప్పు చదవమనండి. పిల్లి బొమ్మను కుక్క అంటే చాలామంది పిల్లలు సరిదిద్దకుండా ఉండలేరు. వాడు నోరు విప్పేది అక్కడే. ఇంకో ఆట: అమ్మమ్మ మూడు గిన్నెలు బోర్లించి ఒకదాని కింద బంతి దాచడం, ఎక్కడుందో వాడు చెప్పడం. గిన్నెలు మూడు వేర్వేరు రంగుల్లో ఉండాలి. ఎందుకంటే వాడు తెర మీద వేలు పెట్టి చూపిస్తే ఏ గిన్నె అన్నది అవతల ఆవిడకు తెలియదు. పక్కనున్న మీరు "ఎర్రది అంటున్నాడమ్మా" అని అందించాలి. సుమారు మూడేళ్ల లోపు పిల్లలు తెరలో చూసినదాన్ని ఎదురుగా చూసినంత బాగా పట్టుకోలేరు. మీరు పక్కన కూర్చుని ఇలా కలుపుతుంటే ఆ తేడా కొంత తగ్గుతుంది. ఫోన్ వాడి చేతికిచ్చి మీరు వంటింట్లోకి వెళ్తే ఇది జరగదు.

ఆదివారం ఒక గంట కంటే వారానికి మూడు నాలుగు సార్లు 5–7 నిమిషాలు మేలు. నిద్ర లేచి కాస్త స్థిమితపడ్డాక, ప్రతిసారీ ఇంచుమించు ఒకే వేళకు చేయండి. వాడు విసుక్కోకముందే, ఆట ఇంకా ఉండగానే ఆపేయండి.

ఫోన్‌ను వాడి కళ్ల ఎత్తులో ఆనించి పెట్టండి. అమ్మమ్మ వైపు వెలుతురు ముఖం మీద పడాలి, వెనక కిటికీ ఉంటే నల్లటి నీడ మాత్రమే కనబడుతుంది. ముఖంతో పాటు చేతులు కూడా కనబడేంత దూరంలో ఆవిడ కూర్చోవాలి. నెట్‌లో మాట కాస్త ఆలస్యంగా చేరుతుంది, పిల్లాడికి ఆలోచించుకోవడానికి మరికాస్త సమయం పడుతుంది. ఈలోపే ఆవిడ మళ్లీ అడిగేస్తే ఇద్దరి మాటలూ ఢీకొంటాయి. అడిగాక మనసులో అయిదు లెక్కపెట్టమని చెప్పండి.

చాలామంది పట్టించుకోనిది వినికిడి. వయసుతో మొదట తగ్గేది సన్నని, ఎత్తు స్వరాలు వినే శక్తి. పిల్లల గొంతు సరిగ్గా అలాంటిదే. ఆవిడ మాటిమాటికీ "ఏంటి, ఏంటి?" అంటున్నారంటే ఇయర్‌ఫోన్ పెట్టించండి, టీవీ కట్టేయించండి. అయినా తీరకపోతే వినికిడి పరీక్ష చేయించండి. తన మాట అందడం లేదని తెలిస్తే పిల్లలు చెప్పడమే మానేస్తారు.

ఇక ఆవిడ వచ్చిన రోజు. గుమ్మంలోనే ఎత్తుకోవడం, ముద్దు పెట్టమని బలవంతం చేయడం వద్దు. వాడు మీ దగ్గరే ఉండగా ఆవిడ కాస్త పక్కకు తిరిగి కూర్చుని, కాల్‌లో చదివిన ఆ పుస్తకమే తీసి తనపాటికి తాను తిప్పుతూ ఉండాలి. పావుగంటో, ఇంకాస్తో పట్టవచ్చు. వాడే వచ్చి ఆనుకుంటాడు. మోకాళ్ల నొప్పి వల్ల నేల మీద కూర్చోలేకపోతే ఆవిడ మంచం అంచున కూర్చుని వాడిని ఎదురుగా నిలబెట్టుకుంటే చాలు, ముఖాలు ఒకే ఎత్తుకు వస్తాయి. మొదటి రోజు మీరు అదే గదిలో ఉండండి. మర్నాడు వాడికి చెప్పి, ఓ ఇరవై నిమిషాలు బయటికి వెళ్లండి. చెప్పకుండా జారుకుంటే వాడి కళ్లన్నీ తలుపు మీదే ఉంటాయి, ఆట మీద ఉండవు. ఆ తర్వాత మాత్రం మీరు నిజంగా తప్పుకోవాలి. మీరున్నంతసేపూ వాడు మీ వైపే చూస్తాడు.

వాడు దూరం జరిగితే ఆవిడ మనసు కష్టపడుతుంది, అది చిన్న విషయం కాదు. 2021లో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో జేమ్స్ రిల్లింగ్ బృందం, మనవలున్న 50 మంది స్త్రీల మెదడును స్కాన్ చేసింది. మనవల ఫొటో చూసినప్పుడు ఎదుటివారి భావాన్ని తమదిగా అనుభవించడానికి సంబంధించిన భాగాలు బాగా స్పందించాయి. ఎదిగిన తమ బిడ్డ ఫొటోకైతే, ఆలోచించి అర్థం చేసుకునే భాగాలు ఎక్కువగా పనిచేశాయి. కాబట్టి "రెండు రోజులు బెట్టు చేస్తాడమ్మా, ఈ వయసులో మామూలే" అని ఆవిడ బయల్దేరకముందే చెప్పి ఉంచండి.

నిద్ర, మందులు, కారులో సీటు లాంటి భద్రత విషయాల్లో మీ మాటే చెల్లాలి. కథ, ఆట, స్నానం ఆవిడకు వదిలేయండి, అక్కడ సరిదిద్దకండి. ముఖ్యంగా వాడి ముందు. "అమ్మకు చెప్పకు" అనే రహస్యాలు మాత్రం వద్దని సున్నితంగా చెప్పండి. ఆవిడ మాత్రల సంచీ, వినికిడి యంత్రం వాడితే దాని బిళ్ల బ్యాటరీలు మొదటి గంటలోనే వాడికి అందని చోట తాళం వేసి పెట్టండి.

తిరిగి వెళ్లేటప్పుడు ఆ పుస్తకంలోనో ఆటలోనో కొంత మిగిల్చి వెళ్లమనండి. రెండు రోజుల్లోపే కాల్ చేసి అక్కడి నుంచే మొదలుపెట్టాలి. వారం పది రోజులు గడిచిపోతే మళ్లీ గిన్నెలతో మొదటినుంచి రావాల్సి ఉంటుంది.