గెస్ట్ ఫ్యాకల్టీలో చేరితే పీహెచ్‌డీ చేజారుతుందా?

ప్రశ్న: మా అమ్మాయికి 26 ఏళ్లు. ఎంఏ సైకాలజీ రెగ్యులర్‌గా చేసింది. నెట్ (జాతీయ అర్హత పరీక్ష)లో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) రాలేదు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కూ పీహెచ్‌డీ ప్రవేశానికీ అర్హత వచ్చింది. ఒక యూనివర్సిటీ వాళ్లు వారానికి ఆరు గంటలు గెస్ట్ ఫ్యాకల్టీగా (గంటల లెక్కన పాఠం చెప్పే తాత్కాలిక అధ్యాపకురాలిగా) రమ్మంటున్నారు. నెలకు 50 వేల దాకా వస్తుందట. మిగతా రోజుల్లో ఇంట్లోనే ఆన్‌లైన్ కౌన్సెలింగ్ చేసుకోవచ్చు, ఆడపిల్లకు ఇలాంటి పూట ఉద్యోగమే మేలని బంధువులు అంటున్నారు. పీహెచ్‌డీకి వెళ్తే పెళ్లి ఆలస్యమవుతుందని మా భయం. రెండింట్లో ఏది మంచిది? – ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరంలో బంధువులు ఉన్నారు, పెళ్లి ఉంది. అమ్మాయి ఏమంటోందో మాత్రం ఒక్క ముక్క లేదు. నెట్ గట్టెక్కిన పిల్ల గురించి ఆమె లేని చోట తీర్మానాలు చేయకండి. ఈ జవాబు ఆమెతో కలిసి చదవండి.

ముందు ఆ 50 వేల సంగతి. యూజీసీ (యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) 2019లో గెస్ట్ ఫ్యాకల్టీకి లెక్చర్‌కు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా అని చెప్పింది. అంటే 50 వేలు గరిష్ఠ పరిమితి, జీతం కాదు. వారానికి ఆరు గంటలు, సెమిస్టర్‌కు 15 వారాలు, ఏడాదికి రెండు సెమిస్టర్లు అనుకుంటే 180 గంటలు. 1,500 చొప్పున 2,70,000. పన్నెండు నెలలకు పంచితే నెలకు 22,500. అదే గంటకు 600 ఇచ్చే చోటైతే నెలకు 9,000. సెలవులకూ పరీక్షల రోజులకూ డబ్బు రాదు. బిల్లు హెచ్‌ఓడీ (విభాగాధిపతి) సంతకం నుంచి ఫైనాన్స్ సెక్షన్ దాకా నడిచి, చేతికి వచ్చేసరికి నెలలు పట్టొచ్చు.

సైకాలజీలో ఇంకో మెలిక ఉంది. కొత్తగా వచ్చిన గెస్ట్‌కు తరచూ అంటగట్టేవి స్టాటిస్టిక్స్, ప్రాక్టికల్స్. అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే మిర్రర్ డ్రాయింగ్ ప్రయోగమే తీసుకోండి. ప్రతి ప్రయత్నానికీ పట్టిన సెకన్లు, గీత దాటిన తప్పులు రాయాలి. ఒక చేతికి అలవాటైంది రెండో చేతికి ఎంత వచ్చిందో లెక్కగట్టాలి, గ్రాఫ్ గీయాలి. 20 మంది రికార్డులు దిద్దడానికి ఒక సాయంత్రం చాలదు. ఆ సాయంత్రానికి బిల్లు ఉండదు. పైగా కొన్ని చోట్ల రెండు గంటల ప్రాక్టికల్‌ను ఒక్క లెక్చర్‌గానే కడతారు. చేరే ముందే ఇది అడగాలి.

ఇక ‘రెండు రోజులు పాఠం, మిగతా రోజులు ఆన్‌లైన్ కౌన్సెలింగ్’ అన్న ఇప్పటి ఫ్యాషన్. దీని మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. ఎంఏ ఒక్కటితో క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోవడం కుదరదు. ఆ పేరుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన శిక్షణ, రిజిస్ట్రేషన్ కావాలి. వారాంతపు సర్టిఫికెట్ కోర్సులు ఎన్ని చేసినా ఆ రిజిస్ట్రేషన్ రాదు. కౌన్సెలర్‌గా మొదలుపెట్టినా, తన కేసులను అనుభవజ్ఞులతో క్రమం తప్పకుండా చర్చించే ఏర్పాటు లేకపోతే నష్టం ఎదుటి మనిషికి. ఆత్మహత్య ఆలోచన ఉన్న మనిషి ఫోన్‌లో అవతలి వైపు ఉంటే ఏం చేయాలో ఇన్‌స్టాగ్రామ్ పేజీ నేర్పదు. టైమ్‌టేబుల్ చిక్కూ ఉంది. కౌన్సెలింగ్‌కు వచ్చేవాళ్లకు ప్రతి వారం అదే వేళ దొరకాలి, గెస్ట్ క్లాసుల వేళలేమో సెమిస్టర్ సెమిస్టర్‌కూ మారతాయి. అన్నిటికన్నా ముఖ్యం, తన క్లాసులో కూర్చునే విద్యార్థులకు డబ్బు తీసుకుని కౌన్సెలింగ్ చేయకూడదు. మార్కులు వేసే చెయ్యీ, గుట్టు వినే చెవీ ఒకే మనిషివి కాకూడదు. యూనివర్సిటీ పేరు చూసి మొదట వచ్చేది ఆ విద్యార్థులేనని గుర్తుంచుకోండి.

మీరడిగిన పోలిక క్లుప్తంగా చెబుతాను. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకు పిలిచేందుకు వేసే మార్కుల్లో పీహెచ్‌డీకి 30. బోధనానుభవానికి ఏడాదికి 2, గరిష్ఠంగా 10. కెరీర్ ప్రమోషన్లకు పాత సర్వీసు కలపాలంటే అప్పట్లో రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు తగ్గని జీతం తీసుకుని ఉండాలి. గంటల లెక్కన చేసిన పని ఆ లెక్కలోకి రావడం కష్టం.

అసలు ప్రమాదం ‘ఒక ఏడాది చేసి చూద్దాం’ అనడంలో ఉంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు గడువు లేదు, వయోపరిమితీ లేదు. కానీ నెట్ మార్కులతో పీహెచ్‌డీలో చేరే అవకాశం ఏడాదే ఉంటుంది. ఆ ప్రవేశాల్లో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. గడువు దాటితే, ఆ దారిలో చేరడానికి మళ్లీ నెట్ రాయాల్సిందే.

జేఆర్‌ఎఫ్ లేదు కాబట్టి పీహెచ్‌డీలో డబ్బుకు ఇబ్బందే, దాచను. సెంట్రల్ యూనివర్సిటీల్లో జేఆర్‌ఎఫ్ లేని పీహెచ్‌డీ స్కాలర్లకు నెలకు 8,000 నాన్‌నెట్ ఫెలోషిప్ ఉంది. మిగతా చోట్ల ఏమిస్తారో ముందే కనుక్కోండి. జేఆర్‌ఎఫ్‌కు వయసు ఇంకా ఉంది, పీహెచ్‌డీలో చేరాక కూడా రాయొచ్చు. పాఠం చెప్పే అలవాటు పోతుందన్న దిగులూ వద్దు. 2022 పీహెచ్‌డీ నిబంధనల్లోనే స్కాలర్‌కు వారానికి 4 నుంచి 6 గంటల ట్యుటోరియల్, ల్యాబ్ పని అప్పగించే వీలుంది. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ అంటారేమో, దానికి పనిచేసే సంస్థ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వాలి. ఒక్కో సెమిస్టర్‌కు ఇచ్చే నియామక ఆర్డర్ మీద ఉన్నవాళ్లకు అది తేలిగ్గా దొరకదు.

26 ఏళ్లకు ఇవన్నీ చేతిలో ఉన్న పిల్ల వెనకబడలేదు. పీహెచ్‌డీకి కనీస కాలం మూడేళ్లు, ఆ మూడేళ్లలో పెళ్లి చేసుకోకూడదని ఏ నిబంధనలోనూ లేదు. ఆలస్యం అనేది మీ భయమే తప్ప ఆమె సమస్య కాదు.

కాబట్టి ఈ సెమిస్టర్‌కు గెస్ట్‌గా చేరనివ్వండి. చేరిన వారంలోనే పీహెచ్‌డీ దరఖాస్తులు మొదలుపెట్టాలి. సైకాలజీలో గైడ్ల దగ్గర ఖాళీలు తక్కువ, కనీసం ఐదారు చోట్ల వేయాలి. గంటకు ఎంత, ప్రాక్టికల్‌ను ఎలా కడతారు, పేపర్లు దిద్దితే విడిగా ఇస్తారా అన్నవి ఆర్డర్‌లో రాసి ఉండేలా చూసుకోవాలి. మానేసే రోజున అనుభవ సర్టిఫికెట్ హెచ్‌ఓడీ లెటర్‌హెడ్ మీద కాకుండా రిజిస్ట్రార్ సంతకంతో తీసుకోవాలి. అందులో చేరిన తేదీ, చివరి తేదీ, చెప్పిన పేపర్లు, వారానికి గంటలు, చెల్లించిన మొత్తం ఉండాలి. ‘సంతృప్తికరంగా పనిచేశారు’ అన్న ఒక్క వాక్యపు కాగితాన్ని ఉద్యోగ దరఖాస్తుల స్క్రూటినీలో పక్కన పెట్టేస్తారు.