ఆఖరి బస్సు వెళ్లిపోయాక త్సుమాగో

ప్రశ్న: మేడం, మా అబ్బాయికి నగోయాలో ఉద్యోగం, నవంబర్లో నన్నూ మా ఆయన్నీ రమ్మంటున్నాడు. టోక్యో, క్యోటో అందరూ చూసేవే, ఆ జనంలో తిరగడం నావల్ల కాదు. ప్రశాంతంగా ఉండే పల్లెటూరు ఏదైనా ఉంటే చెప్పండి. నాకు 61, మోకాళ్లు అంతంత మాత్రం. (తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, అబ్బాయి నగోయాలో ఉన్నాడంటే సగం పని అయిపోయినట్టే, మీరు త్సుమాగో వెళ్లండి. నగోయాలో షినానో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే యాభై నిమిషాల్లో నకత్సుగావా, మామూలు ట్రైన్ అయితే గంటంపావు పైనే పడుతుంది, అక్కడ బస్సు ఎక్కితే అరగంటలో మగోమే, కొండ దాటితే అవతల పక్క త్సుమాగో. అలా కాకుండా ఇంకాస్త ముందుకెళ్లి నాగిసోలో దిగితే త్సుమాగో మూడు కిలోమీటర్లే, బస్సులో పది నిమిషాలు, కాకపోతే ఆ బస్సులు రోజుకి వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉంటాయి కాబట్టి టైంటేబుల్ ముందే చూసి పెట్టమనండి అబ్బాయిని.

ఈ రెండూ పాతకాలం మజిలీ ఊళ్లు. టోక్యోని "ఎదో" అని పిలిచే రోజుల్లో అక్కడ్నించి క్యోటోకి కొండల్లోంచి నకసెందో అనే దారి ఉండేది, 530 కిలోమీటర్ల దాకా, దాని మీద 69 మజిలీలు, వాటిలో త్సుమాగో 42వది, మగోమే 43వది. రైలొచ్చాక ఇంక నడిచేదెవరు, సత్రాలకి గిరాకీ పోయింది, కుర్రాళ్లు పట్నం దారి పట్టారు, ఇళ్లు పాడుబడ్డాయి. మన దగ్గర బైపాస్ పడ్డాక పాతరోడ్డు మీద హోటళ్ల గతి ఏమవుతుందో చూశారుగా, అదే కథ. 1968లో ఆ ఇళ్లని బాగుచేయడం మొదలుపెట్టారు, 1971లో ఊళ్లోవాళ్లంతా కలిసి ఒక కట్టుబాటు రాసుకున్నారు, అమ్మం, అద్దెకివ్వం, కూల్చం, మూడే మూడు మాటలు. 1976లో ప్రభుత్వం కాపాడాల్సిన పాత వీధుల మొదటి లిస్టు వేస్తే అందులో ఈ ఊరు కూడా ఉంది. పగటిపూట మెయిన్ వీధిలోకి కార్లు రానివ్వరు, కరెంటు తీగలు అసలు కనపడవు. మగోమే ఇంత పాతగా ఉండదు, 1895లో ఒకసారి, 1915లో ఒకసారి తగలబడింది, ఇప్పుడున్నవి చాలావరకు మళ్లీ కట్టినవే, పైగా వీధంతా రాళ్లు పరిచిన ఎత్తు. మీ మోకాళ్లకి అది వద్దు, నేరుగా త్సుమాగో పోండి, అక్కడ వీధి చాలావరకు చదునే.

అయినా మోకాళ్లకి అసలు ఇబ్బంది నడకలో రాదు, రూములో వస్తుంది. మిన్‌షుకు అని ఇంటివాళ్లే నడిపే చిన్న బసలు ఉంటాయి, వాటిల్లో భోజనం నేలమీద, పడక నేలమీద, పొద్దున లేవాలంటే పట్టుకోడానికి మంచం కోడు కూడా ఉండదు. బుక్ చేసేటప్పుడే "ఇసు అరిమాస్ కా", అంటే కుర్చీ ఉందా అని అబ్బాయి చేత అడిగించండి.

ప్రశ్న: అక్కా, మగోమే నుంచి త్సుమాగో నడిచి సాయంత్రానికి నగోయా వచ్చేద్దాం, అంత చిన్న ఊళ్లో రాత్రి ఉండి ఏం చేస్తాం అంటున్నాడు మా ఫ్రెండ్. నిజమేనా? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: తమ్ముడూ, మొదటిసారి నేనూ మీ ఫ్రెండ్ లాగే వెళ్లాను. ఎనిమిది కిలోమీటర్లు నడిచి త్సుమాగో చేరేసరికి మధ్యాహ్నం, వీధినిండా టూరిస్టులు, నాకు కనిపించిందల్లా ముందువాళ్ల బ్యాక్‌ప్యాకులు. ఏముందీ ఊళ్లో అనుకుని నాలుగింటి బస్సెక్కి వచ్చేశాను. రెండేళ్ల తర్వాత మావాళ్లతో మళ్లీ వెళ్లి రాత్రి ఉన్నాను, అప్పుడు తెలిసింది నేను మొదటిసారి ఆ ఊరు చూడనేలేదని.

అయిదయ్యేసరికి షాపులవాళ్లు ఒక్కొక్కళ్లే చెక్క తలుపులు జరిపేస్తారు, ఆఖరి బస్సు పోతుంది, అంతే, ఎవరో స్విచ్ ఆపినట్టు అయిపోతుంది. ఇళ్ల ముందు సన్నటి చెక్క ఊచల కిటికీలు ఉంటాయి, వాటి వెనకనుంచి పసుపు లైటు గీతలు గీతలుగా రోడ్డు మీద పడుతుంది, వీధి పక్కనే కాలవలో నీళ్ల చప్పుడు, పగలంతా ఇదీ ఉందిగా, మరి నాకెందుకు వినపడలేదు అనిపించింది. ఒక పెద్దాయన చీపురుతో తన గుమ్మం ముందు ఆకులు ఊడుస్తున్నాడు, తన గుమ్మం అయిపోయాక పక్కింటి ముందు కూడా ఊడ్చి లోపలికెళ్లిపోయాడు. నేను చూసిన మనుషులు ఆ సాయంత్రానికి ఆయనొక్కడే.

కాకపోతే ఇక్కడ రాత్రి ఉండాలంటే వాళ్ల టైముకి మనం లొంగాలి. భోజనం ఆరింటికి అంటే ఆరింటికే, ఏడున్నరకి వచ్చి ఏదో ఒకటి దొరుకుతుందిలే అంటే ఏదీ దొరకదు, బయట హోటల్ తెరిచి ఉండదు. గోడలు పల్చటి చెక్క, మధ్యలో కాగితం తలుపులు, పక్క గది వాళ్ల దగ్గు మనకి వినపడితే మన ఫోన్ మాటలు వాళ్లకీ వినపడతాయి. ఇంక స్నానం సంగతి, ఇది నా పరువు పోయిన విషయం అయినా చెప్తాను. బయట కూర్చుని ఒళ్లంతా సబ్బుతో శుభ్రంగా కడుక్కుని అప్పుడు వేడినీళ్ల తొట్టిలో దిగాలి, ఆ నీళ్లే ఇంట్లో ఉన్న అందరికీ. నాకు దిగడం తెలుసు కానీ ఆ రెండో ముక్క తెలీదు, పాపం తర్వాతవాళ్లకి మురికినీళ్లెందుకని ప్లగ్ లాగేసి, తొట్టి తోమి మరీ వచ్చాను. ఇంటావిడ ఒక్కమాట అనలేదు, నవ్వి తల ఊపింది, తర్వాత గంటసేపు గోడ అవతల కుళాయి పోస్తున్న చప్పుడు వింటూ కూర్చున్నాను, క్యూలో ఇంకా నలుగురున్నారు.

నడక మాత్రం మానకండి. మగోమే దగ్గరే మొదలుపెట్టండి, అటునుంచి ఎక్కుడు తక్కువ, 800 మీటర్ల దగ్గర కనుమ దాటితే తర్వాతంతా దిగుడే, రెండున్నర గంటలు వేసుకోండి. దారిలో ఒక పాత టీ ఇల్లు ఉంది, ఊళ్లోవాళ్లే కూర్చుని వచ్చినవాళ్లకి ఊరికే టీ పోస్తారు, కాసేపు కూర్చోండి, మన ఊరి పేరు అడుగుతారు. పెట్టెలు మోయక్కర్లేదు, మగోమే టూరిస్ట్ ఆఫీసులో పొద్దున పదకొండున్నర లోపు ఇచ్చేస్తే మధ్యాహ్నానికి త్సుమాగో ఆఫీసుకి చేరుస్తారు, చలికాలంలో ఈ సర్వీసు ఉండదు. డబ్బు నోట్ల రూపంలో నగోయాలోనే తీసి పెట్టుకోండి, ఇలాంటి ఊళ్లలో కార్డుని నమ్ముకోవద్దు.

ప్రశ్న: మేము శుద్ధ శాకాహారులం, గుడ్డు కూడా తినం. అలాంటి పల్లెటూళ్లో మాకు తిండి దొరుకుతుందా? (విజయవాడ నుంచి ఒక జంట)

జవాబు: ముందే చెప్తున్నా, కష్టం. కూరగాయలు లేక కాదు, దాషి వల్ల. ఎండబెట్టి పొగపెట్టిన కత్సువో అనే చేపని పల్చగా చెక్కి నీళ్లలో మరిగిస్తే వచ్చే చారు అది, మన పోపులాగా అన్నిట్లోనూ పడుతుంది, సూపులో, ఉడికించిన ముల్లంగిలో, సోబా నూడుల్స్ ముంచుకునే పులుసులో కూడా. మీరు "నేను వెజిటేరియన్" అంటే వాళ్లు మాంసం తీసేసి ఎంతో ప్రేమగా దాషి పోసిన కూర పెడతారు, వాళ్ల లెక్కలో అది కూరగాయే, మోసమేం లేదు. అందుకని "నికు, సకానా, దాషి, తబెరారెమాసెన్" అని చెప్పాలి, మాంసం, చేప, దాషి తినలేను అని. అదీ గుమ్మంలోకి వెళ్లాక చెప్తే లాభం లేదు, బస నడిపే ఇంటావిడ వంట మధ్యాహ్నమే మొదలై ఉంటుంది, బుకింగ్ నాడే రాయాలి, కుదరదు అంటే ఇంకో బస చూసుకోవాలి. చెప్పకుండా వెళ్తే ఏం జరుగుతుందంటే, ఆ కొండల్లో ఉప్పు రాసి కాల్చిన ఏటిచేప తలా తోకా సహా వస్తుంది, ఒక్కోచోట పచ్చి గుర్రం మాంసం, చిన్న గిన్నెలో తియ్యగా వేయించిన మిడతలు. మా ఆయన మిడతలు బాగున్నాయన్నాడు, నేను మాట మార్చాను.

మీకు నచ్చేవీ ఉన్నాయి. గోహెయి మోచి అని, అన్నాన్ని మెదిపి పుల్లకి గుచ్చి, వాల్‌నట్, మిసో (పులవబెట్టిన సోయా ముద్ద) కలిపి పూసి నిప్పుల మీద కాలుస్తారు, అంచులు మాడి కమ్మటి వాసనొస్తుంది, అందులోనూ దాషి పడిందేమో ఒకసారి అడగండి. నకత్సుగావాలో కురి కింతోన్, చెస్ట్‌నట్లు ఉడికించి చక్కెరతో మగ్గించి గుడ్డలో పిండి చేసే ముద్ద, అంతే, ఇంకేం కలవదు, కోవా ఇష్టమైతే ఇది వదలరు, సెప్టెంబర్ నుంచి చలికాలం దాకా దొరుకుతుంది. ఇంకోటి సున్‌కి, ఎర్ర టర్నిప్ ఆకుల ఊరగాయ, చిత్రం ఏంటంటే దాన్లో ఉప్పు ఒక్క రవ్వ ఉండదు, పులవబెట్టడం మీదే నిలుస్తుంది. ఉప్పు లేకుండా ఊరగాయా అని మా అత్తగారు ఫోన్లోనే నన్ను కోప్పడ్డారు. ఎందుకైనా మంచిది, అటుకులూ పొడులూ ఒక డబ్బా పెట్టుకెళ్లండి, వేడినీళ్లు ఎక్కడైనా ఇస్తారు.

ప్రశ్న: జేఆర్ పాస్ (జపాన్ రైళ్లలో తిరగడానికి టూరిస్టులకిచ్చే పాస్) కొనాలా? (విశాఖ)

జవాబు: ఈ ఒక్క ట్రిప్పుకే అయితే వద్దు. ఏడు రోజుల పాస్ 29,650 యెన్ల నుంచి 2023 అక్టోబర్లో ఒక్కసారిగా 50,000కి పెంచారు, నగోయా నుంచి నకత్సుగావాకి మామూలు ట్రైన్ టికెట్ రెండు వేల యెన్లు కూడా కాదు.

ప్రశ్న: మగోమే నుంచి త్సుమాగో నడిచే దారిలో ఎలుగుబంట్లు ఉంటాయట, పిల్లలతో వెళ్లొచ్చా? (కరీంనగర్)

జవాబు: ఉంటాయి, నల్లవి, రొమ్ము మీద తెల్లటి నెలవంక. అందుకే దారి పొడుగునా స్తంభాలకి ఇత్తడి గంటలు కట్టారు, గట్టిగా కొట్టుకుంటూ పోతే చప్పుడికి అవే తప్పుకుంటాయి. పొద్దుగూకాక మాత్రం ఆ దారిలో ఉండొద్దు, పిల్లల్ని ముందు పరిగెత్తనివ్వకండి. గంటలు కొట్టే పని వాళ్లకే అప్పజెప్పండి, మావాడు ఒక్కటీ వదల్లేదు, కొన్నిచోట్ల వెనక్కొచ్చి మళ్లీ కొట్టాడు.