40 మందిలోంచి నలుగురి జట్టు: నాకౌటా, లీగా, స్విస్ పద్ధతా?

మీరు అడిగింది ఇది: హనుమకొండలో మీ కాలనీ సంఘం నిర్వహించే చదరంగం పోటీకి 40 మంది పిల్లలు పేర్లు ఇచ్చారు, వారిలోంచి నలుగురిని జట్టుగా ఎంపిక చేయాలి, సంఘంలో కొందరు నాకౌట్ చాలంటున్నారు, మరికొందరు అందరూ అందరితో ఆడితేనే న్యాయమంటున్నారు. వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు పాఠశాల స్థాయి పోటీలలో ఆర్బిటర్ల (పోటీ నిర్ణేతల) పక్కన కూర్చుని పెయిరింగులు (ఎవరు ఎవరితో ఆడాలన్న జాబితాలు), పాయింట్ల పట్టికలు చూసిన అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను.

నాకౌట్ సంగతి త్వరగా తేల్చవచ్చు. 40 మందికి నాకౌట్ పెడితే మొదటి రౌండులో 24 మందికి బై (ఆడకుండానే తర్వాతి రౌండుకు వెళ్లే అవకాశం) ఇచ్చి, మిగిలిన 16 మందితోనే 8 ఆటలు ఆడించాలి, అప్పుడే రెండవ రౌండుకు 32 మంది సరిపోతారు. అంటే సగానికి పైగా పిల్లలు మొదటి రౌండులో ఆడకుండానే ముందుకు వెళ్తారు, ఓడినవారు మాత్రం ఒక్క ఆటతో ఇంటిదారి పడతారు. ప్రపంచ కప్ నాకౌట్ పద్ధతిలోనే జరుగుతుంది కదా అని మీ సభ్యులు అనవచ్చు. అక్కడ ఒక్క ఆటతో ఎవరినీ పంపించరు. 2023లో బాకులో జరిగిన ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్‌లో మన వరంగల్ అబ్బాయి అర్జున్ ఎరిగైసి, ప్రజ్ఞానంద చెరొక క్లాసికల్ (ఎక్కువ సమయం ఇచ్చే) ఆట గెలిచి సమానం కాగా, టైబ్రేక్‌లు (విజేతను తేల్చే అదనపు ఆటలు) బ్లిట్జ్ (కొద్ది నిమిషాల్లో ముగిసే ఆట) దాకా సాగి, చివరికి 5-4తో ప్రజ్ఞానంద ముందుకు వెళ్లాడు. ఇద్దరి మధ్య తొమ్మిది ఆటలు జరిగిన తర్వాత కూడా ఎవరు మెరుగన్నది ఒక్క పాయింటు తేడాతోనే తేలింది. పైగా నాకౌట్ విజేతను చెబుతుంది గానీ మీకు కావలసిన మూడవ, నాలుగవ స్థానాలను నమ్మకంగా చెప్పదు.

అందరూ అందరితో ఆడే లీగ్ పద్ధతిని మించిన న్యాయం లేదన్న మాటలో నిజం ఉంది, కానీ 40 మందికి అది 39 రౌండ్లు, 780 ఆటలు అవుతుంది. ఒక హాలు, 20 బోర్డులు ఉన్న సంఘానికి అది అయ్యే పని కాదు.

ఇక మిగిలింది స్విస్ పద్ధతి. 1895లో జ్యూరిచ్‌లో మొదలైన ఈ పద్ధతిలో ఎవరూ బయటికి పోరు, ప్రతి రౌండులో సమానమైన లేదా దగ్గరి పాయింట్లు ఉన్నవారు ఒకరితో ఒకరు ఆడతారు, ఒకసారి ఆడిన జంట మళ్లీ ఎదురుపడదు. 40 మందికి 6 రౌండ్లు పెడితే అన్ని ఆటలూ గెలిచినవారు ఒకరికి మించి ఉండరు. ఒక్కొక్కరికి 15 నిమిషాలకు తోడు ఎత్తుకు 10 సెకన్లు ఇచ్చినా ఒక రౌండుకు గంట పడుతుందనుకుంటే, ఆదివారం ఉదయం మొదలుపెట్టి సాయంత్రానికి ముగించవచ్చు. మీ పిల్లలలో చాలామందికి రేటింగ్ (ఆట బలాన్ని చూపే అంకె) ఉండదు కాబట్టి మొదటి రౌండు వరుస చీటీలతోనే నిర్ణయించాల్సి వస్తుంది. దానివల్ల ఇద్దరు గట్టి ఆటగాళ్లు ముందే తలపడినా, ఓడినవారికి తిరిగి పైకి వచ్చే దారి ఉంటుంది.

అయితే ఎంపిక పోటీలో స్విస్‌కు ఒక లోపం ఉంది, తగవులన్నీ అక్కడే పుడతాయి. స్విస్ పద్ధతి మొదటి స్థానాన్నీ అట్టడుగునూ బాగానే తేలుస్తుంది, మధ్యలో మాత్రం మసకగా ఉంటుంది. డ్రాలు లేవనుకుని లెక్క వేస్తే, 6 రౌండ్ల తర్వాత 6 పాయింట్లతో ఒకరు, 5 పాయింట్లతో సుమారు నలుగురు, 4 పాయింట్లతో తొమ్మిది మంది దాకా ఉంటారు. మీరు నలుగురి దగ్గర గీత గీస్తే, ఆ గీత సరిగ్గా 5 పాయింట్ల గుంపు మధ్యలో పడుతుంది.

కరీంనగర్ దగ్గరి ఒక ఎంపిక పోటీలో ఇదే జరిగింది. చివరి స్థానానికి ఇద్దరు అమ్మాయిలు 5 పాయింట్లతో మిగిలారు. ఒకరు మొదటి ఆట ఓడి తర్వాతి ఐదూ గెలిచింది, మరొకరు వరుసగా ఐదు గెలిచి చివరి రౌండులో మొదటి బోర్డు మీద ఓడింది. ప్రత్యర్థుల పాయింట్లన్నీ కూడే బుకోల్జ్ లెక్క ప్రకారం రెండవ అమ్మాయి ఎంపికైంది. గోడకు అతికించిన పట్టిక మీద వేలు పెట్టి మొదటి అమ్మాయి తండ్రి, "మా బిడ్డ ఆమెతోని ఆడనే లేదు కద సార్, ఆమెకంటె కింద ఎట్లుంటది?" అని అడిగారు. నిబంధన ప్రకారం ఆర్బిటర్ చెప్పింది సరైనదే, కానీ ఆ ప్రశ్న కూడా సరైనదే. పిల్ల ఎంత బాగా ఆడిందన్నది కాకుండా, ఆమె ప్రత్యర్థులు ఇతర బోర్డుల మీద ఎలా ఆడారన్నది జట్టును నిర్ణయించింది.

కాబట్టి నా సలహా: మొదటి ఆదివారం 6 రౌండ్ల స్విస్ జరిపి, నలుగురిని కాక ఆరుగురిని ముందుకు తీసుకోండి. అప్పుడు 5 పాయింట్లు తెచ్చుకున్నవారు బయట మిగిలే అవకాశం బాగా తగ్గుతుంది. 4 పాయింట్ల దగ్గర ఆగిపోయినవారు రెండు ఆటలు ఓడినవారే కాబట్టి వారి ఫిర్యాదు అంత బలంగా ఉండదు. ఆరవ స్థానానికి మాత్రం అట్టడుగు ప్రత్యర్థిని వదిలేసే బుకోల్జ్ వాడండి, ఎందుకంటే మధ్యాహ్నం భోజనం కాగానే బస్సెక్కి వెళ్లిపోయే పిల్లలు ప్రతి పోటీలోనూ ఉంటారు, వారితో ఆడిన పాపానికి మరొకరు నష్టపోకూడదు. తర్వాతి ఆదివారం ఆ ఆరుగురికి లీగ్ పెట్టండి. 5 రౌండ్లు, 15 ఆటలు, అందరూ అందరితో ఆడేస్తారు. స్విస్ పాయింట్లను లీగ్‌లో కలపవద్దు.

లీగ్‌కు తనదైన జబ్బు ఒకటుంది. 1962లో కరీబియన్ దీవి కురసావ్‌లో జరిగిన క్యాండిడేట్స్ పోటీలో (ప్రపంచ ఛాంపియన్‌తో తలపడేవారిని ఎంపిక చేసే పోటీ) సోవియట్ ఆటగాళ్లు పెట్రోసియన్, కెరెస్, గెల్లర్ తమ మధ్య జరిగిన 12 ఆటలనూ డ్రా చేసుకున్నారు. అదే పోటీలో ఆడిన అమెరికన్ ఫిషర్ అది కుమ్మక్కని బహిరంగంగా ఆరోపించాడు, తర్వాతి విడత నుంచి అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే ఆ పోటీని నాకౌట్ మ్యాచ్‌లుగా మార్చింది. 2013 నుంచి క్యాండిడేట్స్ మళ్లీ లీగ్‌గానే జరుగుతోంది, కానీ ఒకే దేశపు ఆటగాళ్లను తొలి రౌండ్లలోనే ఎదురెదురుగా కూర్చోబెడతారు. మీ ఆరుగురిలో అన్నదమ్ములో, ఒకే కోచింగ్‌కు వెళ్లే పిల్లలో ఉంటే వారి ఆటలను మొదటి, రెండవ రౌండ్లలోనే జరిపించండి. అప్పటికి ఎవరికి అరపాయింటు అవసరమో ఎవరికీ తెలియదు.

అయిదు రౌండ్లలో ముగ్గురికి మూడుసార్లు, ముగ్గురికి రెండుసార్లు తెల్లపావులు వస్తాయి, దానిని చీటీ తీసి అందరి ముందు తేల్చండి. నాలుగవ స్థానం మళ్లీ సమానమైతే ముందు వారిద్దరి ఆట ఫలితం చూడాలి, అది డ్రా అయి ఉంటే రంగులు మార్చుకుని రెండు బ్లిట్జ్ ఆటలు ఆడించాలి. ఈ వరుసంతా పేర్లు నమోదు చేసే కాగితం మీదే అచ్చు వేయించి, తల్లిదండ్రుల సంతకం తీసుకోండి.