టెక్ సందేహాలు: ఇన్ఫోగ్రాఫిక్‌లో ఏ మాట ఉంచాలి?

ప్రశ్న: మా స్కూల్ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూప్ కోసం కాన్వా డిజైన్ యాప్‌లో డెంగీ జాగ్రత్తల ఇన్ఫోగ్రాఫిక్ (బొమ్మలతో సమాచారం చెప్పే పేజీ) చేశాను. ఎంత కుదించినా మ్యాటర్ ఎక్కువైపోతోంది. ఫోన్‌లో అక్షరాలు కనిపించడం లేదంటున్నారు. ఫాంట్ మార్చాలా? – ఓ టీచర్, నరసరావుపేట

జవాబు: ఫాంట్ సంగతి తర్వాత చూద్దాం. ముందు కాన్వా మూసేసి, ఫోన్‌లో నోట్స్ తెరవండి. ఇది చూసిన తల్లి గానీ తండ్రి గానీ ఇవాళ ఇంట్లో ఏం చేయాలో ఒక్క వాక్యంలో రాయండి.

మీ డిజైన్‌లో మొదటి వాక్యం ఇలా ఉంది: ‘ప్రజలందరూ తమ పరిసరాల్లో నీరు నిల్వ ఉండకుండా తగిన జాగ్రత్తలు తీసుకోవలసిందిగా మనవి.’ ఇది చదివాక ఏం చేయాలో ఎవరికీ తెలియదు. పైగా ట్యాంకర్ నీళ్ల మీద బతికే వీధుల్లో నీళ్లు పట్టి పెట్టుకోక తప్పదు. దీని బదులు ‘డ్రమ్ముకు మూత పెట్టండి. వారానికోసారి లోపల రుద్ది కడగండి’ అని రాస్తే చాలు.

ఇందులో ‘రుద్ది’ని మాత్రం తీసేయకండి. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున డ్రమ్ము గోడకు అంటుకుని ఉంటాయి. నీళ్లు పారబోసినంత మాత్రాన పోవు. ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉండి, మళ్లీ నీళ్లు తగిలితే పొదుగుతాయి. ‘వారానికోసారి’కీ కారణముంది. గుడ్డు దోమగా మారడానికి సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది. అందుకే మన ఊళ్లలో శుక్రవారం డ్రైడే (నిల్వ నీళ్లు పారబోసి పాత్రలు ఆరబెట్టే రోజు) పాటించమంటారు. టైటిల్ కూడా ‘డెంగీపై అవగాహన’ కాకుండా ‘శుక్రవారం డ్రమ్ములు కడుగుదాం’ అని పెట్టండి.

దోమ శాస్త్రీయ నామం, వ్యాధి చరిత్ర, ‘మనవి’, ‘తప్పనిసరిగా’ అన్నీ తీసేయొచ్చు. ‘పగలు కుడుతుంది’ ఉండాలి, ఎందుకంటే చాలామంది రాత్రి మాత్రమే దోమతెర కడతారు. ‘జ్వరమొస్తే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దు’ అన్నది ఎంత చోటు పట్టినా ఉంచండి. ఆ మాత్రలతో డెంగీలో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. చోటు కోసం ఆ ‘వద్దు’ పక్క వరుసలోకి జారిపోయిందంటే అర్థమే తిరగబడుతుంది. అందుకే ఆ వాక్యాన్ని విడగొట్టకండి.

ఇక ఫాంట్. ‘నోటో సాన్స్ తెలుగు’, ‘మండలి’ ఫాంట్లను ఫోన్‌లో బాగా చదవొచ్చు. వరుసల మధ్య ఎడం 1.4 దాకా పెంచితే పై వరుస వత్తులు కింది గుడులకు తగలవు. అక్షరాల మధ్య ఎడం సున్నా దగ్గరే ఉంచండి. పేజీ 1080×1350 పిక్సెళ్లు సరిపోతుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, హెచ్‌డీ ఎంచుకోండి లేదా డాక్యుమెంట్‌గా పంపండి. గ్రూప్‌లో పెట్టేముందు ఇంట్లో పెద్దవాళ్లకు, జూమ్ చేయకుండా, చూపించండి.

ప్రశ్న: అనూ ఫాంట్లలో ఉన్న పాత కరపత్రం మ్యాటర్‌ను కాన్వాలో పేస్ట్ చేస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. ఎలా? – ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: అనూ ఫాంట్లు యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా, ఏ యాప్‌లోనైనా ఒకేలా పనిచేసే అక్షరాల కోడ్) కావు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను చూపిస్తాయి. ఫాంట్ మారగానే అసలు రంగు బయటపడుతుంది. అనూ నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, పెద్ద మ్యాటర్ అయితే వాటిని వాడండి. ఇన్ఫోగ్రాఫిక్‌కు కావలసిన నాలుగైదు వాక్యాలకైతే జీబోర్డ్ (గూగుల్ కీబోర్డ్)లో మైక్ నొక్కి తెలుగులో చెప్పేయడమే తేలిక. ఎలా చేసినా వత్తులు, తేదీలు, ఫోన్ నంబర్లు పాత కాగితంతో ఒక్కొక్కటిగా సరిచూసుకోండి.