యూకేలో ఉగ్రదాడులకు ముందే సిద్ధంగా ఉండాలనే మార్టిన్స్ లా చట్టం వల్ల చిన్న హాళ్లు కూడా స్కానర్లు, గార్డులు పెట్టాలా?

అక్కర్లేదు, ఒకేసారి 200 నుంచి 799 మంది దాకా వచ్చే హాలుకు కావాల్సింది పరికరాలు కాదు, దాడి జరిగితే ఏం చేయాలో ముందే తేల్చుకున్న పద్ధతి. 2017 మాంచెస్టర్ అరీనా పేలుడులో 22 మంది చనిపోయారు. వారిలో ఒకరైన మార్టిన్ హెట్ తల్లి పోరాటంతో 2025 ఏప్రిల్‌లో ఈ చట్టం వచ్చింది. అప్పటి నుంచి అమలుకు కనీసం రెండేళ్ల గడువిచ్చారు.

300 మందితో ఒక హాల్లో ఉగాది వేడుక జరుగుతోందనుకోండి. బయట ఎవరో కత్తితో తిరుగుతున్నారని తెలిస్తే తలుపులు ఎవరు వేస్తారు? మైకులో ఎవరు చెబుతారు? వెనక గేటు తాళం ఎవరి దగ్గరుంది? ఫైర్ డ్రిల్ అలవాటుతో అందర్నీ బయటికి పంపితే ప్రమాదానికి ఎదురు పంపినట్టే.

చిన్న హాళ్లు నడిపేవాళ్లు చాలామంది పొరబడేది 800, ఆపైన జనం వచ్చే చోట్ల అదనపు భద్రతా నిబంధనలు తమకూ వర్తిస్తాయని. గుళ్లు, చర్చిలు, మసీదులకైతే ఎంత పెద్దవైనా సాధారణంగా చిన్న హాళ్ల నిబంధనలే. ఖరీదైన సామాను కొనాల్సిందేనని ఎవరైనా భయపెడితే నమ్మకండి.