బాగైపోయాక మాత్రలు ఆపేయొచ్చా అంటే...

బొబ్బిలి నుంచి అడిగినావిడకి ఈ జవాబు. మీ తమ్ముడికి బైపోలార్ (కొన్నాళ్లు మితిమీరిన హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు పట్టే జబ్బు) అన్నారు, ఆసుపత్రి నుంచి వచ్చి అయిదు నెలలైంది, ఇప్పుడు మామూలుగానే ఉన్నాడు, "నాకు తగ్గిపోయింది, ఇంక మాత్రలు వేసుకోను" అంటున్నాడు. మీ అమ్మగారేమో పెళ్లి చేస్తే అదే కుదురుకుంటుందని సంబంధాలు చూస్తున్నారు. నాదీ అదే జబ్బు. మాది కవిటి మండలంలో ఒక పల్లె, ఉద్యోగం కాశీబుగ్గలో, జీడి ఫ్యాక్టరీలో గుమస్తా.

నాకు మొదలైంది 2018 అక్టోబరులో, తిత్లీ తుఫాను తర్వాత. 11వ తేదీ తెల్లవారుజామున వచ్చింది. పొద్దున లేచి చూస్తే మా తాతలు పెట్టిన కొబ్బరి తోట నేలమీద ఉంది. రోజుల తరబడి కరెంటు లేదు, ఊళ్లో ఎవరికీ నిద్ర లేదు. మెల్లగా అందరికీ నిద్ర వచ్చింది, నాకు రాలేదు. రాకపోయినా అలసట లేదు, అదే వింత. రాత్రి రెండింటికి మా ఓనరుకి ఫోన్ చేసి మా ఉద్దానం ప్రాంతమంతా కొత్త మొక్కలు నాటించే ప్లాన్ చెప్పేవాణ్ని. ఆ సీజన్లో జీడిపిక్కలెక్కడివి? అయినా ఎనభై కిలోల బస్తాకి మార్కెట్లో లేని రేటు ఇస్తానని రైతులకి మాటిచ్చి, బావ చేత హామీ సంతకం పెట్టించి, మూడు లక్షలు అప్పు తెచ్చి అడ్వాన్సులు పంచేశాను. నిజం చెప్పాలంటే నా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ లేను. అందుకే నాకు జబ్బంటే నేను నమ్మలేదు.

అమ్మ మాత్రం ఎవరో చిల్లంగి (చేతబడి) పెట్టారంది. నిమ్మకాయలు, తాయెత్తులు, ఒక భూతవైద్యుడు, అలా మూడు వారాలు పోయాయి. ఆవిడని తప్పుపట్టను. కళ్లముందు కొడుకు ఇంకో మనిషైపోతుంటే ఏ పేరు దొరికితే ఆ పేరే పెడతారు. చివరికి అప్పా (మా అక్క), బావా కలిసి విశాఖ తీసుకెళ్లారు. మా వైపు చినవాల్తేరు అంటే పిచ్చాసుపత్రి అనే అర్థం, ఊళ్లో తిట్టుకోవడానికి వాడే మాట. గేటు దగ్గర బావ చొక్కా పట్టుకుని తిట్టాను. ఇరవై ఆరు రోజులు ఉన్నాను. నాకు గుర్తున్నది ఎక్కువగా నిద్రే.

డాక్టరమ్మ మా ఊరు అడిగి, ఉద్దానం అనగానే ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) రాయించారు. లిథియం ఈ జబ్బుకి మంచి మందే కానీ అది ఒంట్లోంచి పోయేది కిడ్నీల దారిన, మా ప్రాంతంలో కిడ్నీ జబ్బులు ఎక్కువన్న సంగతి తెలిసిందే. అందుకని నాకు వాల్‌ప్రోయేట్, దాంతోపాటు ఒలాంజపిన్ ఇచ్చారు. మీ తమ్ముడిది ఏ మందో మీరు రాయలేదు. లిథియం అయితే మాత్రం జాగ్రత్త. రక్తపరీక్షకి ముందురోజు రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకి రక్తం ఇవ్వాలి, పొద్దుటి మాత్ర ఉంటే రక్తం ఇచ్చాకే. కిడ్నీ, థైరాయిడ్ కూడా చూస్తుండాలి. ఎండల్లో నీళ్లు బాగా తాగాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే వెంటనే డాక్టరుకి చెప్పాలి. ఒళ్లునొప్పులకి మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి అడిగి కొనుక్కోకూడదు, వాటివల్ల రక్తంలో లిథియం పెరిగిపోతుంది. ఒక్కసారిగా ఆపేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం మరీ ఎక్కువ.

ఇక అసలు ప్రశ్న. నేనూ ఆపేశాను. 2020లో. పద్నాలుగు కిలోలు బరువెక్కాను, పగలంతా మత్తు, పైగా బాగానే ఉన్నాను కదా అని. మాత్ర చేతిలోకి తీసుకుని పెరట్లో పడేసేవాణ్ని, మా ఆవిడకి తెలీదు. నాలుగు నెలలు ఏమీ కాలేదు. చూశావా, అనుకున్నాను. అయిదో నెలలో జబ్బు ఇంకో ముఖంతో వచ్చింది. ఈసారి సంతోషం కాదు. గోడవైపు తిరిగి పడుకునేవాణ్ని, స్నానం లేదు, అన్నం మట్టిలా ఉండేది. బతకాలనిపించడం లేదని ఒకరోజు అప్పకి చెప్పేశాను. ఆ మాట చెప్పడమే నన్ను కాపాడింది. మీ తమ్ముడి నోట ఎప్పుడైనా అలాంటి మాట వస్తే ఒంటరిగా వదలకండి, అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లండి. 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు.

బరువు సంగతి డాక్టరుకి ముందే చెప్పి ఉంటే ఇదంతా ఉండేది కాదు. చెప్పాక ఒలాంజపిన్ తగ్గించి, మెల్లగా ఆపేశారు. అంత చిన్న మాట రెండేళ్లు అడగలేదు నేను. కాబట్టి తమ్ముడితో "ఆపకూడదు" అని వాదించకండి. "ఏ మాత్ర ఇబ్బంది పెడుతోంది?" అని అడగండి, ఓపీకి వెళ్లినప్పుడు అతన్నే మాట్లాడనివ్వండి.

మా ఇంట్లో వంటగది క్యాలెండరు మీద మా ఆవిడ నా నిద్ర గంటలు రాస్తుంది. వరసగా రెండు రాత్రులు అయిదు గంటల లోపైతే డాక్టరుకి ఫోను, ఏటీఎం కార్డు ఆమె చేతికి. ఇది నేను బాగున్నప్పుడు నేనే రాసిచ్చిన ఒప్పందం. జబ్బు పెరిగితే నాకు ఏ వైద్యం చేయాలి, నా తరఫున ఎవరు మాట్లాడాలి అని ముందే రాసిపెట్టుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య చట్టంలో కూడా ఉంది. మేం మాత్రం నోటుబుక్కు కాగితం మీదే రాసుకున్నాం. నిద్ర కాక ఇంకో గుర్తు కూడా ఉంది నాకు, ఒకే వారంలో మూడు చొక్కాలు కొంటే అనుమానించాలి.

మా ఓనరు ఉద్యోగం తీయలేదు, నగదు మాత్రం నా చేతికివ్వడం మానేశారు. మొదట్లో కష్టంగా ఉండేది. ఇప్పుడు కాటా దగ్గర కూర్చుంటాను, సీజన్లో రాత్రి లోడింగులకి వెళ్లను. అప్పు మొన్న సంక్రాంతికి తీరింది. అమ్మ రథసప్తమికి అరసవల్లి తీసుకెళ్తుంది, వెళ్తాను, మాత్రల డబ్బా జేబులో ఉంటుంది.

పెళ్లి గురించి: నాకు అప్పటికే అయిపోయింది కాబట్టి నేను పెద్దగా చెప్పలేను. కానీ దాచిపెట్టి చేయకండి. పెళ్లిలో మూడు రాత్రులు నిద్ర లేకపోతేనే చాలు ఈ జబ్బు లేవడానికి, పైగా ఆ పిల్లకి తెలియకుండా మాత్రలు వేసుకోవాలంటే దాక్కునే వేసుకోవాలి, ఒక రోజు మానేస్తాడు.

ఇష్టమైతే ఇది అతనికి చూపించండి. తిడితే తిట్టనివ్వండి, మా బావ చాలా పడ్డాడు నాతో.